శాస్త్రము, తత్త్వము, విశ్వాసము: కృష్ణపురపు పట్టికలు నేర్పిన పాఠము

ఒకనాడు మా తరగతిలో భూగోళ పాఠము జరుగుచుండగా నంది కొండ ప్రస్తావన వచ్చెను. ఈ సీమలోని గ్రానైటు రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని చెప్పితిమి. వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “అయ్యవారూ, మా తాతగారి ఆంగ్ల బైబిలు అంచున సృష్టి క్రీస్తుకు పూర్వము 4004లో జరిగినదని అచ్చువేసి యున్నది. పరీక్షలో ఒక లెక్క, ప్రార్థనలో ఒక లెక్క చెప్పవలయునా?” అని యడిగెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. పంచాంగము చూచి పనులు మొదలిడు ఇండ్ల పిల్లలకును ఇట్టి చిక్కే కలదు గదా! సాయంకాలము ఆ బాలుని తండ్రి వచ్చి, “అయ్యవారూ, సైన్సు చదివి మావాడు దేవుని విడుచునేమో” అని కలతపడెను. కుమారుని ప్రశ్నకును తండ్రి భయమునకును కలిపి సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్న మన తరగతిలో క్రొత్తగా పుట్టినది కాదు. రెండు వందల సంవత్సరములకు పూర్వము యూరపులోని గొప్ప గణితవేత్తలు దీనినే గూర్చి వాదులాడిరి. ఆ వాదమునకు కారణమైన లెక్కలు మన తెలుగు సీమనుండి పోయినవి. వానిని పంపినవాడు ఒక క్రైస్తవ పాదిరీ. ముందుగా ఆ కథను తెలిసికొని, పిదప సమాధానమును వెదకుదము.

మన సీమలోని పాత తెలుగు సంఘములు

18వ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సు దేశపు జెసూయిట్ సన్న్యాసులు పుదుచ్చేరినుండి బయలుదేరి లోపలి సీమలలో ప్రవేశించిరి. వారి సంస్థకు ‘కర్ణాటక మిషన్’ అని పేరైనను, వారు పనిచేసిన భాష ప్రధానముగా తెలుగు. 1702 ప్రాంతమున బూషే, మొద్వీ అను పాదిరీలు వేలూరు వైపునుండి మైసూరు సీమ తూర్పు భాగమునకు వచ్చిరి. బెంగళూరు, దేవనహళ్ళి, హొసకోటె, కోలారు, చిక్కబళ్ళాపురము మొదలగు ఊళ్ళలో ప్రార్థనాలయములు వెలసినవి. ఆ సంఘములలోనివారందరును తెలుగువారే యని మైసూరు గెజెటీరు చెప్పుచున్నది. 2007లో కోలారునుండి వేరుపడి జిల్లాయైన చిక్కబళ్ళాపురములో తెలుగు చదువు పిల్లలు ఈ మాటను గుర్తుంచుకొనదగును.

ఆ పాదిరీలు మతబోధతో తృప్తిపడలేదు. ఈ దేశమున కనబడిన విద్యలనెల్ల వ్రాసి స్వదేశమునకు పంపుచుండిరి. వారిలో కూర్దూ అను నాయన (1691–1779) తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చెను. 1742లో మన నూలుబట్టలపై రంగుల అద్దకము వేయు పద్ధతిని వివరించి లేఖ వ్రాసెను. సంస్కృతమునకును గ్రీకు, లాటిను భాషలకును గల చుట్టరికమును 1767లో పారిసు పండితుల దృష్టికి తెచ్చెను.

పారిసు చేరిన పట్టికలు

ఈ మిషన్ కేంద్రములలో కృష్ణపురము ఒకటి. సుమారు 1750లో ద్యుషాం అను పాదిరీ కృష్ణపురపు బ్రాహ్మణ పండితుల గణిత పట్టికలను, వానిని ఉపయోగించు పద్ధతిని సంపాదించి, పారిసులోని దెలిల్ అను ఖగోళ శాస్త్రజ్ఞునకు పంపెను. నరసాపురపు పట్టికలు మరియొక పాదిరీ మూలమున ఆయనకే చేరినవి.

పట్టికలన నేమి? సూర్యుడు, చంద్రుడు, గ్రహములు ఏ దినమున ఎచ్చట నుండునో, గ్రహణము ఎప్పుడు పట్టునో లెక్కించుటకు కావలసిన అంకెల వరుసలు. నేటికిని మన పంచాంగము ఇట్టి వానినుండియే పుట్టును. కృష్ణపురపు పట్టికలు 1491వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఆరంభముగా గైకొన్నవి. అది విజయనగర రాజుల కాలము.

పారిసులో వానిని విప్పి చెప్పువాడు చాలకాలము దొరకలేదు. ఆ తాళముచెవి అనుకోని విధమున లభించెను. సూర్యబింబముపై శుక్రుడు దాటిపోవు అపురూప దృశ్యమును చూచుటకై లె జాంతీ అను శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సునుండి వచ్చెను. 1761లో ఆయన ఎక్కిన ఓడ నడిసముద్రమున నుండెను. 1769లో పుదుచ్చేరిపై మబ్బు క్రమ్మెను. రెండు పర్యాయములును ఆశ భగ్నమైనది. కాని అచ్చట నున్నంతకాలము ఊరక కూర్చుండక, ఒక తమిళ పండితునివద్ద గ్రహణ గణితము నేర్చుకొనెను. ఆయన పిదప ప్రకటించిన విషయముల సాయమున బైయీ అను మరియొక ఫ్రెంచి పండితుడు కృష్ణపురపు పట్టికలను, నరసాపురపు పట్టికలను విడదీసి, 1787లో భారతీయ జ్యోతిశ్శాస్త్రముపై పెద్ద గ్రంథము వెలువరించెను.

చిక్కు ఇచ్చట మొదలైనది. మన గణితము కలియుగారంభమును క్రీస్తుకు పూర్వము 3102, ఫిబ్రవరి నెలలో నుంచును. అప్పుడు గ్రహములన్నియు మేషరాశి మొదట కలిసియుండినవని లెక్క. నాటి చంద్రుని స్థానము యూరపు పట్టికలు వెనుకకు లెక్కించి చూపిన స్థానముతో సరిపోవుచున్నదని బైయీ కనిపెట్టెను. ఇంత సరిపోవలెనన్నచో ఆనాడు ఎవరో ఆకాశమును చూచి వ్రాసియుండవలెనని ఆయన తేల్చెను.

ఇక బైబిలువైపు చూడుడు. ఐర్లండులోని అష్షరు అను ఆర్చిబిషప్పు 1650లో ప్రకటించిన గ్రంథమున, బైబిలులోని వంశావళుల ఏండ్లను కూడి, సృష్టి క్రీ. పూ. 4004లోను, జలప్రళయము క్రీ. పూ. 2348లోను జరిగినవని నిర్ణయించెను. 1701 నుండి ఆంగ్ల బైబిళ్ళ అంచులలో ఈ అంకెలు అచ్చుపడసాగినవి. 3102లో నుండి 2348 తీసివేసిన 754. అనగా అష్షరు చెప్పిన ప్రళయమునకు 754 సంవత్సరములు ముందే మన దేశమున ఎవరో గ్రహములను గుర్తించిరన్నమాట! ఆ అంకెలను దేవుని వాక్యముగా నెంచినవారికి ఇది కలవరము కలిగించెను.

గడియారపు పోలిక

తీర్పు చెప్పుటకు ముందు లెక్కయొక్క స్వభావమును గ్రహింపవలెను. రెండు పోలికలు చెప్పెదము.

మొదటిది. గోడ గడియారములో నాలుగు గంటలైనది. వెనుకకు లెక్కించి, “నాలుగు గంటల క్రిందట రెండు ముండ్లును పండ్రెండుపై కలిసియుండినవి” అని చెప్పగలము. లెక్కలో తప్పు లేదు. కాని ఆ సమయమున గదిలో ఒకరు కూర్చుండి ముండ్లను చూచిరని దానివలన ఋజువగునా? కానేరదు. చూచుట వేరు, వెనుకకు లెక్కించుట వేరు.

రెండవది. మీ గడియారము దినమునకు 2 నిమిషములు ముందునకు పోవును. నేడు అది 30 నిమిషములు ముందున్నది. అట్లయిన దానిని సరిదిద్ది 15 దినములైనదని తెలియును. గ్రహగణిత పట్టికలును ఇట్టివే. వానిని కట్టిన కాలమున తప్పు తక్కువగా నుండును. కాలము జరిగినకొలది పెరుగును. ఏ కాలమునకు తప్పు అతి స్వల్పమో, ఇంచుమించుగా అదియే వాని పుట్టుక కాలము. అయితే నడుమ నెవరైనను గడియారమును మరల దిద్దియున్నచో, మనకు తెలియునది దిద్దిన దినమే గాని కొన్న దినము కాదు. మన పండితులును ‘బీజసంస్కారము’ అను పేర పాత లెక్కలను దిద్దుచుండుట వాడుక.

ఎవరెవరు ఏమనిరి

స్కాట్లండులోని ప్లేఫేర్ గణితాచార్యుడు. అంతకుముందు క్రైస్తవ సంఘములో పాదిరీగా పనిచేసినవాడు. అట్టివాడు బైయీ వాదమును త్రోసివేయునని మన మనుకొందుము. ఆయన త్రోసివేయలేదు. 1790లో అచ్చయిన వ్యాసమున, లెక్కలు తనకు తోచినంతవరకు బైయీ పక్షమునే ఉన్నవని వ్రాసెను. అంతటితో ఆగక 1792లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి ఆరు ప్రశ్నలు పంపి, హిందువుల గణితగ్రంథములను ఇంకను వెదకి చూడుడని కోరెను. తన అభిప్రాయమునకు తానే పరీక్ష కోరిన పెద్దమనిషి!

లాప్లాస్ ఫ్రాన్సు దేశపు మహాగణితవేత్త. ఖగోళ గణితములో మతమును చొరనీయనివాడు. ఆయన మొదట గురు, శనుల గతులను గూర్చిన తన లెక్క కలియుగారంభమునాటి భారతీయ గణితముతో సరిపోవుచున్నదని ఆశ్చర్యపడెను. కాని తరువాత మరింత పరిశీలించి, 1796లో వెలువరించిన గ్రంథమున ఆ అభిప్రాయమును విడిచెను. పట్టికలు చెప్పినట్టు గ్రహములన్నియు ఆనాడు ఒక్కచోట లేవనియు, ఆ ఆరంభము కంటితో చూచినది కాదు, గణితము సులభమగుటకై వెనుకకు లెక్కించి పెట్టుకొన్నదనియు చెప్పెను. నేటి విద్వాంసులును మొత్తముమీద ఈ తీర్పునే అంగీకరింతురు. ఆర్యభటుడు కలియుగములో 3,600 సంవత్సరములు గడచునప్పటికి తన వయస్సు 23 అని చెప్పియున్నాడు; అది క్రీ. శ. 499. అంత గుండ్రని సంఖ్య వెనుకకు లెక్కించుటకు అనువైనది గదా.

మూడవవాడు కలకత్తాలోని బెంట్లీ. భారతీయ గణితము అతిప్రాచీనమని ఒప్పుకొన్నచో మోషే చెప్పిన చరిత్రకు భంగము వాటిల్లునని ఆయన భయము. పైన చెప్పిన రెండవ గడియారపు పద్ధతిని ప్రయోగించినవాడు ఆయనయే, పద్ధతి తెలివైనది. క్రీ. పూ. 3102లో ఎవరును చూచి వ్రాయలేదనుటయు సరియే. కాని భయము ఆయనను అచ్చట నిలువనీయలేదు. మన గ్రంథముల వయస్సును వీలైనంత తగ్గించుచు, సూర్యసిద్ధాంతము 11వ శతాబ్దిదని 1799లో తేల్చెను. వరాహమిహిరుడో, 6వ శతాబ్దిలోనే తన పంచసిద్ధాంతికలో సూర్యసిద్ధాంతమును సంగ్రహించియున్నాడు! దిద్దిన దినమును కొన్న దినముగా బెంట్లీ భ్రమించెను.

చూచితిరా? పాదిరీగా నుండినవాడు బైబిలు అంచునున్న అంకెకు విరుద్ధముగా వాదించెను. మతమును గణితమునకు దూరముగా నుంచినవాడు ఆ అంకెను కాపాడుటకు గాక లెక్క కొరకే లెక్క చేసి సత్యమును సమీపించెను. విశ్వాసమును కాపాడవలెనని లెక్కను వంచినవాడు లెక్కను చెడగొట్టుకొనెను. విశ్వాసమునకును మేలు చేయలేదు.

ప్రమాణములు మూడు

శాస్త్రమునకును విశ్వాసమునకును నడుమ తత్త్వము చేయు పని ఇచ్చట కనబడును. తత్త్వమన్న మాట మన ప్రాంతమున పాటకును పేరు. చింతామణి తాలూకా కైవారములో గాజులమ్మి బ్రతికిన నారాయణప్ప తెలుగులోను కన్నడములోను పాడిన తత్త్వములు పల్లెలలో వినుచునే యున్నాము. బ్రతుకునకు అర్థమేమని అడుగుట తత్త్వములో ఒక పాలు. ఏ మాట నెంతవరకు నమ్మవచ్చునని విచారించుట మరియొక పాలు. ఈ రెండవ పని కొరకు మన తార్కికులు ప్రమాణములను విభజించిరి. వానిలో మూడింటిని మన మెరిగినను చాలును.

కంటితో చూచినది ప్రత్యక్షము. చూచినదానినుండి ఊహించి తేల్చినది అనుమానము. పొగను చూచి నిప్పు కలదనుట వంటిది. నమ్మదగినవారు చెప్పగా విన్నది శబ్దము. వేదమైనను, బైబిలైనను, తల్లి మాటయైనను ఈ కోవకు వచ్చును.

ఇప్పుడు ఆ వాదమును మరల చూడుడు. బైయీ అనుమానమును ప్రత్యక్షముగా పొరపడెను, లెక్కించినదానిని చూచినదనుకొనెను. బెంట్లీ శబ్దమునకు భయపడి అనుమానమును వంచెను. అష్షరు చేసినదేమి? శబ్దమునుండి ఏండ్లను తీసి కూడి ఒక అనుమానము కట్టెను. తరువాతివారు ఆ కూడికనే శబ్దముగా పూజించిరి. 4004 అను అంకె బైబిలు వాక్యములలో ఎచ్చటను లేదు. గ్రీకు బైబిలు పాఠములో వంశావళుల ఏండ్లే వేరు. దాని ననుసరించి కూడినచో సృష్టి వేయి సంవత్సరములకు పైగా వెనుకకు పోవును. అంచున అచ్చువేసినదంతయు గ్రంథము కాదు.

విశ్వాసము ఏమి చెప్పును?

అయినచో క్రైస్తవునకు ఆదికాండము ఎందులకు? లోకము తనంతట పుట్టిన అనాథ కాదనియు, దానికి కర్త కలడనియు, సృష్టి మంచిదనియు, మనుష్యుడు తన పొరుగువానికి జవాబుదారి యనియు అది బోధించును. నంది కొండ వయస్సు ఆ బోధలో భాగము కాదు. ఈ మాట సైన్సుకు జడిసి నేడు కల్పించినది గాదు. 5వ శతాబ్దిలోనే అగస్టీను అను క్రైస్తవాచార్యుడు ఆదికాండ వ్యాఖ్యలో, ఆకాశమును గూర్చి తెలిసిన అన్యుల ఎదుట క్రైస్తవుడు గ్రంథము పేర తప్పు మాటలాడినచో గ్రంథమే నవ్వులపాలగునని హెచ్చరించెను. ఆ హెచ్చరికను మరచినప్పుడు పెద్దలును తప్పుచేసిరి. భూమి తిరుగుచున్నదన్న గెలీలియోను 1633లో మతన్యాయస్థానము శిక్షించెను. ఆ వ్యవహారమున నాటి మతపండితులు పొరబడిరని 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఒప్పుకొనెను.

ఇంకొక సంగతి సూక్ష్మమైనది. లెక్క విశ్వాసమునకు విరుద్ధముగా నున్నప్పుడే గాక, అనుకూలముగా నున్నప్పుడును జాగ్రత్త కావలెను. విశ్వము ఒక సూక్ష్మమైన స్థితినుండి విస్తరించినదని 1931లో ప్రతిపాదించిన లెమేత్ర్ బెల్జియము దేశపు కతోలిక పాదిరీ. 1951లో పన్నెండవ పయస్ పోపు ఈ సిద్ధాంతము సృష్టికి సాక్ష్యమను ధోరణిలో ప్రసంగింపగా, సంతోషింపవలసిన లెమేత్ర్ సంతోషింపలేదు. తన సిద్ధాంతము గణితముతో నిలువవలెను, పడవలెను. దేవునిపై నమ్మకము దానిపై ఆధారపడరాదని ఆయన అభిప్రాయము. విశ్వము వయస్సు నేటి గణనలో సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. రేపు ఆ అంకె మారవచ్చును. అంకెతోపాటు మారు విశ్వాసమెంతకాలము నిలుచును?

అయితే శాస్త్రమునకును విశ్వాసమునకును నడుమ గోడ కట్టి, ఎన్నడును తాకవని చెప్పుట నిజాయితీ కాదు. క్రీస్తు జీవించెను, శిలువపై మరణించెను అనుట చరిత్రకు చెందిన మాట. చరిత్ర పరీక్షకు అది నిలువవలెను. ఆయన తిరిగి లేచెననుట సాక్షుల మాటను నమ్ముట. ప్రయోగశాల దానిని మరల చేసి చూపలేదు. నమ్మువాడు దానిని విశ్వాసముగానే చెప్పవలెను గాని గణిత ఫలముగా చెప్పరాదు. నమ్మనివానిని దుర్మార్గుడని తలపరాదు.

ఈ తుది మాటకు మన జిల్లాలోనే ఉదాహరణము కలదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు అమెరికాలో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది, 1962లో బెంగళూరు సైన్సు ఫోరమును స్థాపించిరి. బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండగా 1976లో మహిమలను పరిశీలించుటకు సంఘమును నియమించిరి. ప్రశ్నింపక దేనిని అంగీకరింపరాదని వారి బోధ. మతవిశ్వాసము ఏదియు చేపట్టనివారు. అయినను బ్రహ్మచారియై, విద్యార్థి వసతిగృహములో ఒక గదిలో నిరాడంబరముగా జీవించిరి. బాగేపల్లి, గౌరిబిదనూరు నేషనల్ కళాశాలలు వారి కృషి ఫలములు. 2005లో వారు కన్నుమూసిరి. సచ్ఛీలము విశ్వాసుల సొత్తు మాత్రమే కాదని వారి బ్రతుకు చూపినది. ప్రశ్నించుట అవిశ్వాసుల సొత్తు మాత్రమే కాదని ప్లేఫేర్, లెమేత్రుల బ్రతుకులు చూపినవి.

బాలునకును తండ్రికిని

ఓ బాలుడా, పరీక్షలో ఒక లెక్క, ప్రార్థనలో ఒక లెక్క అక్కరలేదు. లెక్క యున్నచోట ఒక్కటే లెక్క. అది కొండనడిగి తెలిసికొనవలసినది. ప్రార్థనలో లెక్క లేదు; అచ్చట కృతజ్ఞత యున్నది, క్షమ కోరుట యున్నది. తాతగారి బైబిలును పారవేయకుము. అంచులోని అంకె ఒక పండితుడు తన కాలమునకు చేసిన కూడిక యని తెలిసి చదువుము.

ఓ తండ్రీ, మీ భయము మాకును తెలియును. కాని ప్రశ్నను ఇంటిలో అణచినచో అది చావదు. మీ కంటికి మరుగై పెరుగును. ఏదో ఒకనాడు బాలుడు రెండు ముఖములు పెట్టుకొని తిరుగును. సైన్సు చదువుటకన్న మనము జంకవలసినది అందులకు. కృష్ణపురపు పండితులు తమ విద్యను వేరొక మతమువానికి దాచలేదు. ఆ పాదిరీ అది తన మతమునకు చిక్కు తెచ్చునేమోయని కాగితములను చింపివేయలేదు. ఉన్నది ఉన్నట్టు పంపెను. సత్యమునకు భయపడని ఆ ఇరువురినడుమ మాటలు మన తెలుగు సీమలో జరిగినవి. అట్టి మాటలు మన ఇండ్లలోను జరుగుగాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. క్రీ. పూ. 3102 నుండి 3,600 సంవత్సరములు గడచినచో క్రీ. శ. 499 ఎట్లగును? క్రీస్తుశకములో సున్న సంవత్సరము లేదని గుర్తుంచుకొని లెక్కింపుడు.

2. ఒక గడియారము దినమునకు 3 నిమిషములు వెనుకబడును. నేడు 36 నిమిషములు వెనుకనున్నది. దానిని ఎప్పుడు దిద్దిరి? దిద్దిన దినమును కొన్న దినమని ఏల చెప్పరాదు?

3. మీ ఇంట విన్న మూడు మాటలు వ్రాసి, ఏది ప్రత్యక్షము, ఏది అనుమానము, ఏది శబ్దమో విభజింపుడు. ఇంటిలోని పెద్దలతో కూర్చుండి ఈ పని చేయుడు.